పంటు మీద వెంటపడినవాడు హీరోనా, విలనా? ప్రేమోన్మాద థ్రిల్లర్ల లోగుట్టు

సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాను. నా ముందు ఇద్దరు కుర్రాళ్లు బైక్‌కి స్టాండ్ వేసి, దాని మీదే కూర్చుని, రాత్రి ఫోన్లో చూసిన సినిమా గురించి గొడవపడుతున్నారు. "ఒరేయ్, వాడిది ప్రేమరా. ఈ రోజుల్లో అంత ప్రేమ ఎవడు చూపిస్తాడు?" అంటాడొకడు. "ప్రేమేంట్రా, ఆ అమ్మాయి ఇంట్లో దూరి ఫొటోలు తీశాడు. వాడు సైకో" అంటాడు రెండోవాడు. గోదారి పాయ వశిష్ఠ దాటి నరసాపురం గట్టు కనబడుతున్నా వాళ్ల గొడవ తేలలేదు. పక్కనే కాలేజీ బ్యాగుతో నిలబడ్డ అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి వాళ్లిద్దరినీ ఒకసారి చూసింది. రెండడుగులు పక్కకు జరిగింది.

ఇద్దరూ ఒకే సినిమా చూశారు, ఒకే సీను గురించి మాట్లాడుకున్నారు. అయినా ఒకరికి ప్రేమకథ కనిపించింది, ఇంకొకరికి నేరం కనిపించింది. ఓటీటీలో ఇలాంటి సినిమాలకు ఇప్పుడు రకరకాల పేర్లు: సైకలాజికల్ థ్రిల్లర్, అబ్సెసివ్ లవ్ స్టోరీ, డార్క్ రొమాన్స్. ఒక మనిషి మీద ఇంకో మనిషి పెంచుకున్న పిచ్చి ప్రమాదంగా మారడమే వీటన్నిటిలోనూ కథ. ఈ రకం సినిమా ఎలా పనిచేస్తుంది, ప్రేమ సినిమాకూ దీనికీ గీత ఎక్కడుంది, ఆ గీత మీద ఇన్ని తగాదాలు ఎందుకన్నదే ఈ వ్యాసం.

"పిచ్చి" అనే ఒక్క మాటలో ఎన్ని అర్థాలు

చిక్కు మన మాటల దగ్గరే మొదలవుతుంది. తాతకి మనవడంటే పిచ్చి. కుర్రాడికి క్రికెట్ పిచ్చి. "నువ్వంటే పిచ్చి" అంటే ముద్దు మాట. "వాడికి పిచ్చి పట్టింది" అంటే మాత్రం ఇంటిల్లిపాదికీ భయం. ముద్దుకీ, జబ్బుకీ, ప్రమాదానికీ ఒకే మాట వాడతాం కాబట్టి ఒక దానిలోంచి ఇంకో దానిలోకి ఎప్పుడు జారామో తెలియదు. పేపర్లయితే ఇంకో అడుగు ముందుకేసి "ప్రేమోన్మాది" అన్న పదాన్ని స్థిరపరిచాయి. ఆ పదం నాకు మొదటి నుంచీ మింగుడుపడదు. కాదన్న అమ్మాయి మీద కత్తి ఎత్తినవాడి పేరులో కూడా ముందు ప్రేమనే నిలబెడుతోంది.

వైద్యులూ పరిశోధకులూ ఇందులో కొన్ని విషయాలను వేరు చేసి చూస్తారు. మొదటిది గాఢమైన వ్యామోహం. అమెరికన్ మనస్తత్వవేత్త డొరొతీ టెనోవ్ దీనికి "లిమరెన్స్" అని పేరు పెట్టారు, 1979లో దాని మీద పుస్తకం రాశారు. అవతలి మనిషి ఆలోచన తప్ప ఇంకేమీ బుర్రలో ఉండదు, వాళ్లు అలవోకగా నవ్వినా దాన్ని ఆశగా లెక్కేసుకుంటాం. బాధ పెడుతుంది, నిద్ర పట్టనివ్వదు, కానీ దానంతట అది ఎవరికీ హాని చెయ్యదు.

రెండోది ఓసీడీ అనే మానసిక జబ్బులోని అబ్సెషన్. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పెట్టానా అంటూ వద్దన్నా వచ్చి మీదపడే ఆలోచనలవి. వాటితో బాధపడేవాళ్లకే అవంటే అసహ్యం. సినిమాలో గోడ నిండా హీరోయిన్ ఫొటోలు అంటించుకునే మనిషికీ ఓసీడీకీ సంబంధం లేదు. పేరు కలిసిందంతే.

మూడోది ఎరొటోమానియా. ఫ్రెంచ్ మానసిక వైద్యుడు క్లెరంబో 1921లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరుతోనూ పిలుస్తారు. అవతలి మనిషి, చాలాసార్లు తనకంటే పై స్థాయిలో ఉన్న మనిషి, తనను రహస్యంగా ప్రేమిస్తున్నారని గట్టిగా నమ్మడం. అరుదైన జబ్బు. ఇందులో గమనించాల్సిన లక్షణం ఒకటుంది: ఆ నమ్మకంలో ఉన్న మనిషికి "కాదు" అన్న మాట కూడా దాచిపెట్టిన "అవును"లా వినిపిస్తుంది. ఆడపిల్ల కాదంటే అవునని అర్థం చేసుకోవాలన్న మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఒక జబ్బు లక్షణాన్ని మనం లోకజ్ఞానంగా చెప్పుకుంటున్నాం.

నాలుగోది వెంటాడటం, అంటే స్టాకింగ్. ఇది భావం కాదు, చేసే పని. థ్రిల్లర్లకు ముడిసరుకు నిజానికి ఇదే. మొదటి మూడూ మనసులో జరిగేవి. నాలుగోది రేవులో, బస్టాండులో, ఫోన్లో జరుగుతుంది.

ఎవరో తెలుసు, ఎందాకా వెళ్తాడో తెలియదు

మర్డర్ మిస్టరీలో చంపిందెవరన్నది చివరిదాకా తెలియదు. ఈ రకం థ్రిల్లర్లలో చాలావాటిలో మొదటి అరగంటలోనే ఎవరో తెలిసిపోతుంది. తెలియనిదల్లా ఎందాకా వెళ్తాడన్నదే.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ బల్ల కింద బాంబు ఉదాహరణతో దీన్ని చెప్పేవాడు. బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. బాంబుందని ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు చెప్పకపోతే, పేలేదాకా టెన్షన్‌తో చచ్చిపోతాడు. మన ఇళ్లలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. సాయంత్రం కరెంటు పోయింది. అమ్మాయి ఒక్కతే మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తోంది, చెల్లెలితో ఫోన్లో ఏదో చెప్పి నవ్వుతోంది. కింద పెరటి తలుపు గడియ తీసి ఉంది. పంపు దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా తడి పాదాల గుర్తులున్నాయి. అవి మనకు కనిపించాయి, ఆమెకు కనిపించలేదు. ఆమె ఇంకో రెండు నిమిషాలు చీర మడత పెట్టుకుంటూ ఉంటే చాలు, సినిమా హాల్లో ఒక్కరూ కదలరు.

దీని మీద ఇంకో పొర వేస్తారు: ఆమె చెప్పినా ఎవరూ నమ్మకపోవడం. "మంచి కుర్రాడే కదమ్మా, వాళ్ల నాన్నగారు మనకు తెలిసినవాళ్లే" అంటారు ఇంట్లోవాళ్లు. పల్లెటూళ్లో ఇది సిటీ కంటే గట్టిగా పనిచేస్తుంది. గట్టు మీద ఎవరు ఎటు వెళ్లారో ఊరంతా చూస్తుంది, అయినా చూసిందానికి ఎవరూ సాక్ష్యం చెప్పరు.

ఒకే పంటు, ఒకే మాటలు, రెండు సినిమాలు

నాకు ఈ విషయం అర్థమైంది పంటు మీదే కాబట్టి దాన్నే సెట్ అనుకుందాం. ఒకమ్మాయి రోజూ సఖినేటిపల్లి నుంచి పంటు మీద నరసాపురం కాలేజీకి వెళ్తుంది. ఒక కుర్రాడు ఆర్నెల్లుగా అదే పంటుకి బైక్‌తో వస్తాడు. ఆమె మాట్లాడదు. ఒకరోజు అతనంటాడు: "నువ్వు చూడకపోయినా పర్లేదు. నేను రోజూ వస్తాను."

మొదటి సినిమాలో కెమెరా అతని పక్కన నిలబడుతుంది. పొద్దున్నే లేచి తల దువ్వుకోవడం, అమ్మ టిఫిన్ తినమన్నా వినకుండా బైక్ తీయడం, రేవు దగ్గర గుండె దడ. గోదారి మీద మంచు, ఎక్కడో పాట మొదలు. ఆమె విసుక్కుంటే స్నేహితులు నవ్వుతారు, వాళ్లతో పాటు మనమూ నవ్వుతాం. "నేను రోజూ వస్తాను" అన్నప్పుడు విజిల్స్ పడతాయి. ఆర్నెల్లు అనేది అతని ఓపికకు కొలత.

రెండో సినిమాలో కెమెరా ఆమె భుజం వెనక ఉంటుంది. అతని మొహం చాలాసేపు చూపించరు. రోజూ రేవు దగ్గర ఒక బైక్ ఆగిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆమె జడ ముందుకు వేసుకుంటుంది, ఆడవాళ్లున్న వైపు నిలబడుతుంది. పంటు కదిలిందా, ఇక చుట్టూ నీళ్లే. అవతలి గట్టు వచ్చేదాకా దిగడానికి చోటు లేదు. "నేను రోజూ వస్తాను" అన్న మాట ఇక్కడ బెదిరింపు. మర్నాటి నుంచి ఆమె పంటు మానేసి మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు తిరిగి నరసాపురం వెళ్తుంది. రేవు దాటితే పోయే దూరానికి అంత చుట్టు. మూడో రోజు బస్సు కిటికీలోంచి చూస్తే పాలకొల్లు బస్టాండులో అదే బైక్.

డైలాగు ఒక్క అక్షరం మారలేదు. అతను చేసిన పనీ మారలేదు. కెమెరా ఎవరి పక్కన నిలబడిందో అదొక్కటే మారింది. ఈ థ్రిల్లర్లను చాలా ఏళ్లుగా చూస్తున్న మనిషిగా నాకు తోచింది ఇదే: ప్రేమోన్మాద థ్రిల్లర్ అంటే చాలాసార్లు మనకు బాగా అలవాటైన ప్రేమకథే, అమ్మాయి వైపు నుంచి చెప్పింది.

కెమెరాను అతని వైపే ఉంచి భయపెట్టిన సినిమాలూ ఉన్నాయి, అక్కడ లెక్క మారుతుంది. హిచ్‌కాక్ "వర్టిగో" (1958) అలాంటిదే. పోయిందనుకున్న మనిషి కోసం తపించే ఒక మాజీ డిటెక్టివ్, ఇంకో అమ్మాయి బట్టలూ జుట్టూ మార్పించి ఆమెలా తయారుచేస్తాడు. మొదట అతనితో జాలిగా నడుస్తాం. ఒకచోట, సినిమా ముగియడానికి చాలా ముందే, అతనికి తెలియని నిజం దర్శకుడు మనకు చెప్పేస్తాడు. అప్పటి నుంచి ఆ అమ్మాయి జుట్టు ముడి వేయించడం కూడా చూడలేం.

హాలీవుడ్ నుంచి "డర్" దాకా

ఈ రకానికి ఇప్పటి రూపు ఇచ్చిన సినిమా "ఫేటల్ అట్రాక్షన్" (1987). పెళ్లయిన మగాడు వారాంతంలో ఒకామెతో గడిపి మర్చిపోదామనుకుంటాడు. ఆమె మర్చిపోదు. ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చిన ఈ సినిమాకు మొదట వేరే ముగింపు తీశారు. ఆమె తనంతట తాను చనిపోతుంది, కత్తి మీద అతని వేలిముద్రలుంటాయి, నేరం అతని మీదకొస్తుంది. ముందుగా చూపించిన ప్రేక్షకులకు అది నచ్చలేదు. దాంతో ఆమె కత్తితో ఇంట్లోకొచ్చి, చివరకు అతని భార్య చేతిలో చనిపోయేలా మళ్లీ తీశారు. నటి గ్లెన్ క్లోజ్‌కి ఈ మార్పు ఇష్టం లేదు. తన పాత్ర గాయపడ్డ మనిషని ఆమె భావన, కొత్త ముగింపు ఆ పాత్రను రాక్షసిని చేసింది. థ్రిల్లర్ ముగింపు పాత్ర స్వభావాన్ని బట్టి కాకుండా హాల్లో ఊపిరి బిగబట్టిన జనానికి ఊరట ఇవ్వాల్సిన అవసరాన్ని బట్టి ఎలా మారుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

"మిజరీ" (1990) ప్రేమను తీసేసి అభిమానాన్ని పెట్టింది. తన అభిమాన రచయితను ఇంట్లో బంధించిన పాఠకురాలి పాత్రకు క్యాతీ బేట్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. హీరోల పేర్లు చేతుల మీద పచ్చబొట్లు పొడిపించుకునే చోట పుట్టినవాళ్లం, ఈ సినిమా మనకు ఇంకా దగ్గరగా తగలాలి.

మన దేశంలో మలుపు యశ్ చోప్రా "డర్" (1993). పేరుకు అర్థమే భయం, "హింసాత్మక ప్రేమకథ" అని దాని ట్యాగ్‌లైన్. ఆ రెండు మాటలూ పక్కపక్కన పడటంలోనే గందరగోళమంతా ఉంది. కథ ప్రకారం సన్నీ డియోల్ హీరో, షారుఖ్ ఖాన్ వెంటాడేవాడు. జనం గుర్తుపెట్టుకున్నది షారుఖ్ నత్తినత్తిగా అమ్మాయి పేరు పలకడం. ఆ నత్తిని అనుకరించి ఎన్ని కాలేజీ గేట్ల దగ్గర ఎంతమంది అమ్మాయిలను ఏడిపించారో ఆ తరం ఆడవాళ్లను అడగండి. తమిళంలో ధనుష్ చేసిన "కాదల్ కొండేన్" తెలుగులో అల్లరి నరేష్‌తో "నేను" (2004)గా వచ్చింది. అందులో కుర్రాడి చిన్ననాటి గాయాలను చూపించి మన చేత కన్నీళ్లు పెట్టించారు. గాయం ఎందుకు ఉన్మాదమైందో వివరిస్తే అర్థం చేసుకోవడమా, వెనకేసుకురావడమా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నలుగుతోంది.

గోదారి గట్టున పుట్టిన మూడు కథలు

ఈ చర్చకు బయటి సినిమాలే అక్కర్లేదు. పంపిణీదారుల లెక్కలో ఈస్ట్, వెస్ట్ అని పిలిచే మన డెల్టాతో ముడిపడిన మూడు సినిమాలు చాలు.

పసలపూడికి చెందిన వంశీ 1987లో "మహర్షి" తీశారు. తనను అసహ్యించుకునే అమ్మాయి కోసం ఒక కుర్రాడు తపిస్తాడు. ఆమె ఇంకొకరిని పెళ్లి చేసుకుంటుంది. అతని మతి చలిస్తుంది. ఆ పాత్ర చేసిన రాఘవ పేరు ముందు సినిమా పేరు శాశ్వతంగా ఉండిపోయింది. ఇళయరాజా పాటల మధ్య మనకు అతని మీద జాలి కలుగుతుంది. అయినా సినిమా ఒక నిజాయితీ చూపింది: ఆమె "వద్దు"ను చివర్లో "అవును"గా మార్చలేదు.

రాజోలు దగ్గర మట్టపర్రుకు చెందిన సుకుమార్ మొదటి సినిమా "ఆర్య" (2004). థ్రిల్లర్ కాదు, సరదా సినిమా. కానీ ఈ చర్చలో దాన్ని వదలలేం. అందులో అజయ్, తనను ప్రేమించకపోతే మేడ మీంచి దూకుతానని గీతను బెదిరించి ఒప్పిస్తాడు. సినిమా దాన్ని తప్పుగానే చూపిస్తుంది. దాని పక్కన ఆర్యను నిలబెడుతుంది: నన్ను ప్రేమించమనను, నా ప్రేమను ఫీల్ అవ్వు చాలంటాడు. సినిమాను ఇష్టపడేవాళ్లు దీన్నే ఎత్తి చూపుతారు. అతను ఏదీ అడగడు, బలవంతం చెయ్యడు, ఆమె ప్రేమకు సాయం కూడా చేస్తాడు. ఒప్పుకోనివాళ్లు అడిగేది వేరు: ఫీల్ అవ్వడం కూడా ఇష్టం లేని అమ్మాయికి ఆ కథలో చోటెక్కడ? రెండు వాదనల్లోనూ బలముంది. నాకైతే ఆ సినిమా ఇప్పటికీ ఇష్టమే, రెండో ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకలేదు.

మూడోది "ఆర్ఎక్స్ 100" (2018). దర్శకుడు అజయ్ భూపతిది ఆత్రేయపురం, కథా అక్కడే. ప్రియురాలిని ఆమె తండ్రే దూరం చేశాడని నమ్మి హీరో శివ ఏళ్ల తరబడి రగిలిపోతాడు. చివర్లో అసలు నిజం ఏమిటంటే, ఆమెకు అతని మీద ప్రేమే లేదు, వాడుకుని వదిలేసింది. మంచి అమ్మాయి, చెడ్డ తండ్రి అన్న పాత లెక్కను తిరగేసినందుకు చాలామంది మెచ్చుకున్నారు. ఆడపిల్లలు మోసం చేస్తారన్న కసికి ఇది కట్టెలేసిందని ఇంకొందరు బాధపడ్డారు. కథా నిర్మాణం దృష్టితో చూస్తే శివ రగిలేది ఒక అబద్ధాన్ని నమ్మి. ఆ నమ్మకాన్ని సినిమా మన చేత కూడా నమ్మించింది. ఉన్మాదం లోపలి నుంచి ఎలా ఉంటుందో అలా చూపించగలిగింది.

సినిమా చూసి చెడిపోతారా?

ప్రేమ పేరుతో దాడి జరిగిన ప్రతిసారీ ఈ వాదన లేస్తుంది. సినిమా అద్దం మాత్రమే, చెడ్డవాడు సినిమా లేకపోయినా చెడ్డవాడే అన్నది సినిమా వాళ్ల జవాబు. థ్రిల్లర్ చూసినవాళ్లలో దాదాపు అందరూ ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటారు, అది నిజమే. ఏది సరసమో, ఏది మామూలో కుర్రాళ్లు సినిమాల నుంచే నేర్చుకుంటారని అవతలివాళ్లంటారు. అదీ కొట్టిపారేసేది కాదు.

ఇక్కడ పనికొచ్చే పరిశోధన ఒకటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియా లిప్‌మన్ కొందరు ఆడవాళ్లకు మూడు రకాల సినిమాల్లో తలా ఒకటి చూపించారు: వెంటపడటాన్ని ముచ్చటగా చూపించేవి, భయంకరంగా చూపించేవి, పక్షులూ జంతువుల డాక్యుమెంటరీలు. తర్వాత స్టాకింగ్ గురించి వాళ్ల అభిప్రాయాలు అడిగారు. భయంకరంగా చూపించిన సినిమాలు చూసినవాళ్లు స్టాకింగ్‌ను తేలిగ్గా తీసుకోవడం తగ్గింది. ముచ్చట సినిమాలు చూసి, వాటిని నిజ జీవితంలా నమ్మినవాళ్లలో "అంత వెంటపడ్డాడంటే ప్రేమే" లాంటి అపోహలు పెరిగాయి. ఇది అభిప్రాయాల గురించి చేసిన పరీక్ష, నేరాల గురించి కాదు. చూసినవాళ్లూ ఆడవాళ్లే. కాబట్టి దీన్ని పట్టుకుని సినిమా నేరం చేయిస్తుందని చెప్పలేం. కాకపోతే మన పంటు ఉదాహరణలో కెమెరా చోటు మారితే చూసేవాడి మనసు మారుతుందన్న ఊహకు ఇందులో కొంత ఆధారం ఉంది.

థ్రిల్లర్లు చేసే తప్పులు వేరే ఉన్నాయి. మొదటిది, మానసిక జబ్బును ప్రమాదానికి మారుపేరు చేయడం. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న మనిషిని చూసి పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి పిలవడం నేను చూశాను. వెంటాడేవాళ్లందరికీ జబ్బేమీ ఉండదు, కాదనిపించుకోవడం అలవాటు లేని మామూలు మనుషులూ ఉంటారు. గ్లెన్ క్లోజ్ తర్వాతి కాలంలో మానసిక జబ్బుల పట్ల చిన్నచూపుపై పనిచేసే సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. రెండో తప్పు, వెంటాడేవాడిని ఎక్కడి నుంచో వచ్చిన సైకోగా చూపించడం. జీవితంలో అతను తెలిసిన మనిషే ఎక్కువ: క్లాస్‌మేట్, పక్క వీధి, దూరపు చుట్టం, ఒకప్పటి ప్రియుడు, కొన్నిసార్లు భర్త.

చట్టం కెమెరాను ఎక్కడ పెట్టింది

2013 వరకు మన శిక్షాస్మృతిలో వెంటాడటం అన్న నేరం విడిగా లేదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత చేసిన సవరణతో ఐపీసీలో 354డి సెక్షన్ వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేసినా పురుషుడు పదేపదే వెంటపడి మాట కలపడం, కలపాలని చూడటం నేరం. ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడమూ నేరమే. మొదటిసారి రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. ఆడవాళ్లు వెంటాడే "ఫేటల్ అట్రాక్షన్" తరహా కథ ఈ సెక్షన్ కిందకు రాదు, అక్కడ వేరే సెక్షన్లు చూసుకోవాలి.

చట్టం ఉన్మాదం గురించి అడగదు, ప్రేమ నిజమా కాదా అనీ అడగదు. ఆమె వద్దని తెలియజేసిందా, ఆ తర్వాత కూడా అతను చేశాడా, వెంటపడటం విషయంలో ఈ రెండే దానికి ముఖ్యం. ఆ లెక్కన మన రెండు సినిమాల్లోని కుర్రాడూ ఒకే కుర్రాడు. చిక్కంతా "స్పష్టంగా" అన్న మాట దగ్గరుంది. నోటితో చెప్పాలా? ఫోన్ బ్లాక్ చేస్తే చాలదా? పంటు మానేసి చించినాడ మీదుగా తిరగడం చెప్పినట్టు కాదా? కేసు నడిచినప్పుడు వాదనలు నలిగేది ఇక్కడే. ఆ రోజు పంటు మీద ఆ అమ్మాయి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. రెండడుగులు పక్కకు జరిగింది, అంతే. బైక్ మీద కూర్చున్న కుర్రాళ్లిద్దరూ అది చూడలేదు.